ప్రేమించిన సినిమాలు, మరచిపోవాలనుకున్న ఒక సినిమా

గత నెలలో ఒక సాయంత్రం మా అక్క కొడుకు ఇంటికి వచ్చి, నా చిన్ననాటి సినిమా ఒకటి కొత్త హంగులతో మళ్లీ థియేటర్లలోకి వస్తున్నదని, ఆదివారం ఆటకు వాళ్లమ్మను కూడా తీసుకొని ముగ్గురం వెళ్దామని ఎంతో ఉత్సాహంగా చెప్పాడు. బడికి వెళ్లే రోజుల్లో ఆ సినిమా అంటే నాకు ప్రాణమని, పాటలన్నీ కంఠతా వచ్చునని వాడికి ఎన్నోసార్లు చెప్పింది నేనే. అయినా ఆ పేరు వినగానే మనసు చివుక్కుమంది. చూద్దాంలే అని మాట దాటవేశాను. ఆ సినిమా పేరు ఇక్కడ రాయడం లేదు. అందులో పనిచేసినవారిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు, నేను చెప్పబోయే సన్నివేశంలాంటిది ఆ కాలపు సినిమాల్లో ఇంకా చాలావాటిలో ఉండేది.

మేము పెరిగింది హైదరాబాదులోని చిక్కడపల్లిలో. మా సందు నుంచి ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌కు పది నిమిషాల నడక. ఇప్పుడక్కడ మెట్రో స్టేషను ఉంది, పాత ఓడియన్ థియేటరు భవనం లేదు, కానీ సంధ్య, దేవి, సుదర్శన్ హాళ్ల పేర్లు వింటే ఈనాటికీ మా తరం వారి ముఖాలు వెలుగుతాయి. ఏ గోడ మీద ఏ వాల్‌పోస్టర్ మారిందో, ఏ హాలు ముందు హౌస్‌ఫుల్ బోర్డు పెట్టారో బడి నుంచి వచ్చేలోపే మాకు తెలిసిపోయేది. ఒక్క మనిషికి మాత్రమే చోటున్న ఇనుప జాలీల మధ్య గంటసేపు నిలబడి, చివరికి గోడలోని చిన్న రంధ్రంలోకి చెయ్యి పెడితే, లోపల ఎవరిదో ముఖం తెలియని చెయ్యి మన చెమట పట్టిన నోట్లను తీసుకొని పలుచని కాగితపు టికెట్లను అరచేతిలో పెట్టి వేళ్లు మూసేది. ఆ వేళ్ల స్పర్శ నాకు ఇప్పటికీ గుర్తుంది.

చెడ్డ సినిమాలు కూడా తక్కువేమీ చూడలేదు. మొదటి రోజు మొదటి ఆటకు చొక్కా గుండీలు తెగేలా తోసుకొని వెళ్లి, ఇంటర్వెల్ నాటికే నీరుగారిపోయి, ఇంటికి నడిచేటప్పుడు మిత్రుల మధ్య ఒక్క మాటా పెగలని రోజులు ఎన్నో ఉన్నాయి. అయితే వాటిలో ఒక్కదాని కథ కూడా నేనిప్పుడు చెప్పలేను. బాగాలేని సినిమాను మరచిపోవాలని ఎవరూ ప్రయత్నించనక్కరలేదు, అది తనంతట తానే జారిపోతుంది. కొన్నింటి విషయంలో తీర్పు కూడా నిలవదు. 2010లో వచ్చిన ‘ఖలేజా’, ‘ఆరెంజ్’ రెండూ అప్పుడు నిరాశ మిగిల్చిన సినిమాలే. పదేళ్లు గడిచాక అవే మళ్లీ విడుదలైనప్పుడు కుర్రకారు హాలులో నిలబడి ఆ పాటలను తెరతో పాటు పాడారు. కాబట్టి మరచిపోవాలన్న కోరిక కలిగించే సినిమా వేరే ఉంటుంది. అది ఒకప్పుడు మనకు బాగా నచ్చి ఉండాలి.

నచ్చినవాటి గురించి ముందు చెప్పుకోవాలి. 1957లో కె.వి. రెడ్డి గారు తీసిన ‘మాయాబజార్’ను నేను మొదట చూసింది ఇంటి ఓనరు గారి బ్లాక్ అండ్ వైట్ టీవీలో. దూరదర్శన్‌లో సినిమా ఉన్న సాయంత్రం వాళ్ల గుమ్మం ముందు ఇరవై జతల చెప్పులు ఉండేవి. లోపల చాపల మీద పిల్లలం, మా వెనుక ఆడవాళ్లు, తలుపు దగ్గర నిలబడి మగవాళ్లు చూసేవారు. పెళ్లిపీటల దగ్గర మాయా శశిరేఖ లక్ష్మణ కుమారుడి కాలు తొక్కే చోటు వచ్చేసరికి మా అక్క నా భుజం పట్టుకొని ఊపేది. నగలు, సిగ్గు, పెళ్లికూతురి ముస్తాబు అన్నీ శశిరేఖవే, కానీ ఆ కంటి తీక్షణత, ఆ మెడ విరుపు ఘటోత్కచుడివి. ఎస్.వి. రంగారావు గారి నడకను, దర్పాన్ని సావిత్రి గారు తన ఒంట్లోకి దించుకున్న ఆ పది నిమిషాలను మించిన నటనను నేను చూడలేదు.

ఆ సినిమాలో మనం ఎవరిని చూసి నవ్వుతామో పెద్దయ్యాక గమనించాను. ఆస్తి పోయిందని తెలియగానే మాట మార్చేవాళ్లను, పొట్టకూటి కోసం పొగిడే శర్మ శాస్త్రులను, అద్దం ముందు మురిసిపోయే రాజకుమారుడిని చూసి నవ్వుతాం. ఆకారంలో అందరికంటే భిన్నంగా ఉన్నవాడు ఘటోత్కచుడు, అడవివాడు, రాక్షసుడు. అతణ్ణి చూసి ఒక్కసారి కూడా వెక్కిరింతగా నవ్వం. అతడు లడ్డూలు తింటుంటే ఆ ఆకలి చూసి మన కడుపు నిండుతుంది. ఆ నవ్వు వల్ల మా ఓనరు గారి గదిలో ఉన్న ఇరవై మందిలో ఎవరూ చిన్నబుచ్చుకొని ఇంటికి పోలేదు. 2010లో హైదరాబాదుకే చెందిన గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ వారు దానికి రంగులద్ది విడుదల చేసినప్పుడు అమ్మను తీసుకెళ్లాను. బయటికి వచ్చాక చాలాదూరం మాట్లాడలేదు, చివరికి “శశిరేఖ చీర నేను అనుకున్న రంగు కాదు” అన్నది. అన్ని సంవత్సరాలుగా ఆ నలుపు తెలుపుల మీద అమ్మ తన రంగులు తాను వేసుకొనే చూసిందన్న సంగతి నాకు ఆనాడే తెలిసింది.

మా అక్కకు ‘శంకరాభరణం’ ఎక్కువ ఇష్టం. 1980 ఫిబ్రవరిలో అది విడుదలైనప్పుడు అక్కకు పద్నాలుగేళ్లు, పక్క వీధిలో టీచరమ్మ గారి దగ్గర సంగీతం నేర్చుకుంటున్నది. పేరున్న కథానాయకుడు లేడు, డిప్యూటీ కలెక్టరుగా ఉద్యోగం చేస్తున్న నడివయసు జె.వి. సోమయాజులు గారు ముఖ్యపాత్రధారి, నాయికకు యుగళగీతం లేదు. మొదట్లో పలుచగా ఉన్న హాళ్లు ఒకరి నోట ఒకరు విని నిండాయి. ఆ ఏడాది జాతీయ పురస్కారాల్లో సంగీతానికి కె.వి. మహదేవన్ గారికి, గానానికి బాలసుబ్రహ్మణ్యం గారికి, వాణీ జయరాం గారికి గౌరవం దక్కింది. అయితే అక్క మాట్లాడేది పాటల గురించి కంటే తులసి గురించి. మంజుభార్గవి గారి పాత్ర ఆ సినిమా మొత్తంలో మాట్లాడేది బహు తక్కువ. పుట్టుకను బట్టి ఊరంతా చిన్నచూపు చూసిన ఆ స్త్రీని కె. విశ్వనాథ్ గారి కెమెరా మాత్రం ఒక్కసారి కూడా చిన్నచూపు చూడలేదు. “అందరూ ఆమెను అన్న మాటలు వినిపిస్తాయి గాని, సినిమా మాత్రం ఆమెను ఏమీ అనలేదు” అని అక్క పదిహేనేళ్ల వయసులో అన్నది. అప్పుడు ఆ మాట నాకు అర్థం కాలేదు.

ఇక ఆ సినిమా సంగతి. అది 1988. నాకు పద్నాలుగేళ్లు, అక్కకు ఇరవై రెండు. ఆ ఏడాది అక్కను చూసుకోవడానికి మూడు ఇళ్ల వాళ్లు వచ్చి వెళ్లారు. మా అక్క చామనఛాయ కంటే ఇంకొంచెం నలుపు. రెండో సంబంధం వాళ్లు రాసిన ఉత్తరాన్ని నాయన చదివి, మడిచి, జేబులో పెట్టుకొని, మరి ఎవరికీ చూపించలేదు, కానీ అందులో ఏముందో ఇంట్లో అందరికీ తెలుసు. మూడో సంబంధం కూడా తప్పిన వారం, కొంచెం మనసు మళ్లుతుందని, మా ఇద్దరినీ పెద్దమ్మ పిల్లలతో కలిపి ఫస్ట్ షోకు పంపించారు. నేను అప్పటికే ఒకసారి చూసి ఉన్నాను కాబట్టి, ఏది ఎప్పుడు వస్తుందో అక్కకు ముందే చెప్పే హడావిడిలో ఉన్నాను.

కథానాయకుడి స్నేహితుడికి పెళ్లిచూపులు. లోపలి గది నుంచి తలవంచుకొని కాఫీ పళ్లెంతో ఒక అమ్మాయి వస్తుంది. ఆమె ముఖానికి మసిలాంటి రంగు దట్టంగా పూశారు, ముందుపళ్లు కట్టారు. తల ఎత్తగానే పెళ్లికొడుకు కెవ్వుమంటాడు, కప్పు కింద పడుతుంది, ఆమె తండ్రి కట్నం పెంచుతూ వెంటపడతాడు. ఆమెకు ఒక్క మాట కూడా రాయలేదు, ఆమె పాత్రకు పేరు కూడా లేదు. హాలు దద్దరిల్లింది. రెండు వేళ్లు నోట్లో పెట్టి ఈల వేయడం నేను ఆ వేసవిలోనే నేర్చుకున్నాను, గట్టిగా వేశాను. వేసి, నవ్వుతూ అక్క వైపు తిరిగాను. అక్క తెర వైపే చూస్తున్నది. ఆమె చేతిలో చింపిన టికెట్టు ముక్క ఉంది, దాన్ని చూపుడువేలికి, బొటనవేలికి మధ్య అగ్గిపుల్లంత సన్నగా చుడుతున్నది, విప్పుతున్నది, మళ్లీ చుడుతున్నది. ఇంటర్వెల్‌లో నేను తెచ్చిన సమోసా కాగితాన్ని ఒడిలో పెట్టుకొని కూర్చుంది, తినలేదు. తలనొప్పి అన్నది. నేను ఆమెది కూడా తినేశాను.

అక్కడితో ఆగి ఉంటే ఇంత బాధ ఉండేది కాదేమో. ఇంటికి వచ్చాక వంటింటి గుమ్మంలో స్టీలు పళ్లెం పట్టుకొని, పళ్లు బయటపెట్టి, ఆ సన్నివేశమంతా అమ్మకు నటించి చూపించాను. అమ్మ నవ్వలేదు. అక్క వెనక గదిలో దుప్పట్లు మడతపెడుతూ ఉంది, దుప్పటిని దులిపిన చప్పుడు ఒకటి వినిపించింది, ఆ తర్వాత ఏమీ వినిపించలేదు. నాకు ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆ తర్వాత కూడా రెండుసార్లు వెళ్లి ఆ సినిమా చూశాను, రెండుసార్లూ అక్కడే నవ్వాను.

ఎప్పుడు అర్థమైందంటే సరిగ్గా చెప్పలేను, కొంచెం కొంచెంగా తెలిసింది. పూర్తిగా తెలిసింది మాత్రం 2023లో, అక్కతో కలిసి ‘బలగం’ చూసిన రోజు. కామెడీ వేషాలతో పేరు తెచ్చుకున్న వేణు ఎల్దండి గారు తీసిన సినిమా అది. అల్లుడికి మాంసం కూరలో నల్లిబొక్క, అంటే మూలుగ ఎముక, వడ్డించలేదన్న పంతం ఏళ్ల తరబడి రెండిళ్లను విడదీస్తుంది, చనిపోయిన కొమురయ్య పిండాన్ని కాకి ముట్టదు. పల్లెల్లో తెరలు కట్టుకొని ఊళ్లకు ఊళ్లు కలిసి చూసిన సినిమా. ఆ నల్లిబొక్క తగువుకు హాలంతా నవ్వింది, మేమూ నవ్వాం, ఎందుకంటే అటువంటి తగువు లేని ఇల్లు ఆ హాలులో ఒక్కటి కూడా ఉండి ఉండదు. చివర్లో మొగిలయ్య, కొమురమ్మ దంపతుల పాట వచ్చేసరికి అక్క నా చెయ్యి పట్టుకొని ఏడ్చింది. ముప్పై అయిదేళ్ల కిందట అదే కూడలిలో అక్క పక్కన కూర్చొని నేను వేసిన ఈల అప్పుడు నా చెవిలో మోగింది.

మేనల్లుడు వచ్చి వెళ్లిన మూడో రోజు అక్క ఇంటికి వెళ్లాను. అక్క హాలులో కింద కూర్చొని చిక్కుడుకాయలు తుంచుతున్నది. నేనూ ఎదురుగా కూర్చొని ఒక పిడికెడు తీసుకున్నాను. ఆ సినిమా యాదికున్నదా అని అడిగాను.

“ఎందుకు లేదు? రెండుసార్లు చూసిన గద.”

“రెండుసార్లు ఎక్కడ అక్కా, ఒక్కసారే పోయినం గద.”

“తర్వాత వారం మ్యాట్నీకి నేనొక్కదాన్నే పోయిన. సెంట్రల్ లైబ్రరీకి పోతున్న అని అమ్మకు చెప్పిన.” అక్క చేతులు ఆగలేదు, నారను ఈ కొస నుంచి ఆ కొస దాకా లాగి పక్కన పెడుతూనే ఉంది. “ఆ రోజు హాలు నిండ పిలగాండ్లు ఉండిరి, అందుకే గట్ల నవ్విండ్రేమో అనుకున్న. వేరే జనం ఉంటే నవ్వరేమో, చూద్దామని పోయిన. గా సీను వచ్చినప్పుడు తెర దిక్కు చూడలేదు, ఎనకకు తిరిగి జనం దిక్కు చూసిన.”

“నవ్విండ్రా?”

“నవ్విండ్రు. ఆడోళ్లు గూడ నవ్విండ్రు.”

అప్పుడు ఈల వేసింది నేనేనని చెప్పాను. చెప్పడానికి ఇన్నేళ్లు పట్టింది. “నాకు తెల్వదా, నీ ఈల?” అన్నది అక్క. క్షమించమని అడగాలని వెళ్లాను, ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది, అక్క నా ముందున్న కాయలను తన వైపు జరుపుకొని, నేను సరిగా తీయని నారలను ఒక్కొక్కటే తీయడం మొదలుపెట్టింది. కాసేపటికి తానే అన్నది. “అందుల రెండో పాట మంచిగుంటది. పిలగాణ్ణి పొమ్మను. నాకు మోకాళ్ల నొప్పులని చెప్పు.”

ఆదివారం వాడు తన మిత్రులతో వెళ్లాడు. రాత్రి ఫోన్ చేసి, జనం కాగితాలు ఎగరేశారని, పాటలకు తెర ముందుకు వెళ్లి ఆడారని చాలాసేపు చెప్పాడు. ఆ పెళ్లిచూపుల దగ్గర హాలులో నవ్వారా అని అడగాలని రెండుసార్లు అనుకున్నాను. అడగలేకపోయాను.