తొమ్మిదో తారీఖు, ఇరవై నిమిషాలు

ఈరోజు తొమ్మిదో తారీఖు. నెలనెలా ఈ రోజున గర్భిణులను డాక్టరు చూడాలన్నది 2016 నుంచి నడుస్తున్న పీఎంఎస్ఎంఏ (ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్) పద్ధతి. పాడేరు ఘాట్ దిగువన ఉన్న ఈ పీహెచ్‌సీకి మైదానం ఊళ్ల వాళ్లూ వస్తారు, కొండ మీది వాళ్లూ వస్తారు. కొండ మీద తారీఖులతో పనిలేదు, సంతతో పని. ఆ సంత మొన్ననే అయిపోయింది. సంత రోజున తిరిగినట్టు జీపులు మిగతా రోజుల్లో తిరగవు. అందుకే పైనుంచి వచ్చినవాళ్లు చీకటితో బయల్దేరి, సగం దారి నడిచి, పదిన్నరకు వరండాలో కూలబడ్డారు. రెండింటికి ఆటో. అది తప్పితే రాత్రికి ఇల్లు చేరరు.

హెచ్ఐవీ పరీక్షకు కావాల్సింది ఇరవై నిమిషాలు. అవి ఈ పదిన్నరకీ రెండింటికీ మధ్య ఎక్కడ దొరుకుతాయన్నదే అసలు చిక్కు.

దీని మీద రాసేవాళ్లు భయం, సిగ్గు, అవగాహన లేమి అని మొదలుపెడతారు. ఉన్నాయి, లేకేం. అయితే వద్దని నోరు తెరిచి చెప్పే ఆడమనిషి అరుదు. సిస్టరమ్మ వేలు చాపమంటే చాపుతుంది. సాయంత్రం రిజిస్టరులో ఖాళీగా మిగిలిన గడులు ఎవరివా అని వెనక్కి వెళ్లి చూస్తే మొదట తగిలేది క్యూ. పేరు రాయించడం, బరువు, బీపీ, హిమోగ్లోబిన్, మూత్రంలో ఆల్బుమిన్, షుగరు, డాక్టరు, మందులు, అన్నీ అయ్యాక చిట్టచివర హెచ్ఐవీ పరీక్ష జరిగే ల్యాబు తలుపు. ల్యాబ్ టెక్నీషియన్ ఒక్కరే, మలేరియా స్లైడ్లూ ఆయన నెత్తినే. ఐరన్ మాత్రలు చేతిలో పడ్డాయంటే పని అయిపోయినట్టే లెక్క. చెప్పులు వేసుకుంటారు.

ఈ వరస మార్చడానికి జీవో అక్కర్లేదు. షుగరు పరీక్షకు 75 గ్రాముల గ్లూకోజు 300 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి, ఐదు పది నిమిషాల్లో తాగించి, రెండు గంటల తర్వాత రక్తం చూస్తారు. ఆ రెండు గంటలూ ఆవిడ ఎలాగూ బల్ల మీద కూర్చోవాల్సిందే. ఇవాళ గ్లాసు ఖాళీ చేసినవాళ్లను చేసినట్టే ల్యాబుకు పంపారు. పన్నెండున్నరకల్లా చాలామందివి అయిపోయాయి. అరగంటలోపే వాంతి చేసుకున్నావిడకు షుగరు పరీక్ష మరో రోజుకు పడింది గానీ హెచ్ఐవీ కార్డు (రక్తపు చుక్కతో గీత చూపే పరీక్ష పట్టీ) మాత్రం పూర్తయింది.

"ఒంట్లో రక్తం లేదని మీరే అంటారు, ఉన్న కాస్తా మళ్లీ మీరే పిండుతారు" అంది ఒకమ్మాయి అత్తగారు. న్యాయమైన మాటే. హిమోగ్లోబిన్‌కి ఒక పోటు, హెచ్ఐవీకి ఒక పోటు, జ్వరముంటే మలేరియాకి ఇంకో పోటు ఎందుకు? సామాన్లన్నీ ముందే పరుచుకుంటే ఒక్క పోటు సరిపోతుంది. పసుపు తవ్వి, కట్టెలు కొట్టి గట్టిపడ్డ వేళ్లివి. చల్లగా ఉంటే చుక్క రాదు. చెయ్యి కిందికి వేలాడదీయించి, రుద్ది, ఉంగరపు వేలి కొనకు పక్కగా గుచ్చాలి. స్పిరిట్ ఆరకముందే గుచ్చితే రక్తంలో స్పిరిట్ కలుస్తుంది. మొదటి చుక్క తుడిచేసి రెండోది తీసుకోవాలి. రావట్లేదని వేలు గట్టిగా పిసికితే రక్తంతో పాటు కండలోని నీరూ దిగి చుక్క పల్చబడుతుంది. లాన్సెట్ (గుచ్చే సూది) తెల్ల డబ్బాలోకి పోవాలి, బల్ల మీద మిగలకూడదు.

కార్డు కంటే బఫర్ (కార్డు మీద రక్తం పాకడానికి వేసే ద్రవం) దగ్గరే ఎక్కువ పాడవుతుంది. ఒక్కో సీసా ఇన్ని కార్డులకని లెక్కేసి పంపుతారు. రక్తం పాకట్లేదని ఇంకో చుక్క, ఇంకో చుక్క వేస్తూ పోతే పెట్టెలో కార్డులు మిగిలే ఉంటాయి, సీసా ఖాళీ. అప్పుడు ఏజెన్సీలో జరిగే తప్పు ఒకటుంది: పక్కనే ఉన్న మలేరియా కిట్టు బఫర్ వాడేయడం, లేకపోతే సెలైన్. కార్డు మీద సి (కంట్రోల్) దగ్గర గీత వస్తుంది, అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, ఆ ఫలితాన్ని మాత్రం నమ్మడానికి లేదు. ఏ పెట్టె బఫర్ ఆ పెట్టెకే.

ఎండాకాలం బాధ వేరు. చాలా కిట్లను 30 డిగ్రీలు దాటకుండా ఉంచాలి. మే నెల మధ్యాహ్నం రేకుల గదిలో అది కుదరని పని. ఐఎల్ఆర్ అనే ప్రత్యేక ఫ్రిజ్‌లో పెడదామంటే అది టీకాలకే, ఇంకేదీ పెట్టకూడదు. మామూలు ఫ్రిజ్‌లో పెట్టి, తీసిన వెంటనే పౌచ్ చించితే చెమ్మ పడుతుంది. గది వేడికి వచ్చేదాకా ఆగాలి. పౌచ్ చించాక ఆలస్యం చేయకూడదు. ఫలితం కిట్టు కాగితంలో చెప్పిన సమయానికే చదవాలి, చాలావాటికి పదిహేను నుంచి ఇరవై నిమిషాలు. భోజనానికి వెళ్లొచ్చి చూద్దామనుకుంటే ఆరిన కార్డు మీద లేని గీత కనబడొచ్చు. సమయంలోపు వచ్చిన గీత ఎంత లేతగా ఉన్నా గీతే. కరెంటు లేనప్పుడు కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూడాలి.

ఇక మాట్లాడే చోటు. గదికి తలుపుంది, గోడ మాత్రం పైకప్పు దాకా లేదు. అవతల బీపీ చూపించుకునేవాళ్లకు అన్నీ వినబడతాయి. పైగా కొండ మీది వాళ్లలో కొందరిది కువి భాష, కొందరిది ఆదివాసీ ఒడియా. తెలుగులో చెప్పింది వాళ్లకు చేరవేయడానికి ఆశా కార్యకర్త ఉంది. ఆ ఆశా వాళ్ల ఊరిదే, కొన్నిసార్లు ఆడపడుచు వరసది కూడా. హెచ్ఐవీ చట్టం 2017లో వచ్చి 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. పరీక్షకు ఆమె సమ్మతి కావాలి, చట్టం చెప్పిన కొన్ని సందర్భాల్లో తప్ప ఫలితం ఇంకొకరికి చెప్పకూడదు. వదిన నోటి నుంచి వదినకే వెళ్లే మాటకు ఆ చట్టం ఎంతవరకు కాపలా కాస్తుందో ఆలోచించాల్సిందే. వేరే ఊరి ఆశాతో చెప్పించడమే ప్రస్తుతానికి నయం.

పద్దెనిమిది నిండని అమ్మాయి గర్భంతో వస్తే పోక్సో చట్టం కింద పోలీసులకు తెలపాలి. ఇది ఊళ్లలో అందరికీ తెలుసు. అందుకని కొందరు వయసు పెంచి చెబుతారు, కొందరు ఎనిమిదో నెలదాకా గడప తొక్కరు. మొదటి మూడు నెలల్లో జరగాల్సిన పరీక్ష నొప్పుల గదిలో జరుగుతుంది.

ఇక్కడ కార్డు రియాక్టివ్ వస్తే, అంటే పరీక్ష గీత కూడా పడితే, పాజిటివ్ అని కాదు. ఐసీటీసీకి (హెచ్ఐవీ సలహా, పరీక్షల కేంద్రానికి) వెళ్లి, వేర్వేరు కిట్లతో మూడు పరీక్షలయ్యాకే నిర్ధారణ. అంటే ఇంకో ప్రయాణం, ఇంకో కూలి పోవడం, ఇంట్లో చెప్పడానికి ఒక కారణం. "రక్తం తక్కువుందట, పెద్దాసుపత్రికి రమ్మన్నారు" అన్నది అందరికీ సరిపోయే కారణం. ఎవరూ తోడు వెళ్లకపోతే అక్కడికి రాసిచ్చిన చీటీ బీరువాలోనే ఉండిపోతుంది. అలా ఉండిపోవడం వల్ల పోయేది చిన్నది కాదు. మందుల్లేకపోతే తల్లి నుంచి బిడ్డకు సోకే అవకాశం నూటికి 15 నుంచి 45 దాకా. వేళకు మొదలుపెడితే 5 లోపే. తల్లికి రోజుకొక టీఎల్‌డీ (మూడు హెచ్ఐవీ మందులు కలిసిన) మాత్ర, బిడ్డకు పుట్టగానే మొదలుపెట్టి కనీసం ఆరు వారాలు సిరప్, ఆరు వారాలకు మడమ నుంచి రక్తపు చుక్కల పరీక్ష. మందులన్నీ ఉచితమే.

మైదానం ఊళ్లది ఇంకో తంతు. తొలి కాన్పు పుట్టింట్లో. అత్తారింట్లో పేరు నమోదు, ఏడో నెలలో సీమంతం, ఆ పైన ప్రయాణం. మాతాశిశు కార్డు అత్తగారి ట్రంకుపెట్టెలో, అమ్మాయి ఇంకో జిల్లాలో. అక్కడివాళ్లు ఇక్కడ చేసుంటారనుకుంటారు, ఇక్కడివాళ్లు అక్కడ చేస్తారులే అనుకుంటారు. ఇవాళ ఒకమ్మాయి వచ్చేవారం తుని వెళ్తోందని మాటల్లో బయటపడింది. ఆమె చేతనే కార్డు సెల్‌ఫోనులో ఫోటో తీయించారు. ఫలితాన్ని ఎర్ర సిరాతో కార్డు మీద కొట్టొచ్చినట్టు రాసే అలవాటు కొన్నిచోట్ల ఉండేది. ఇంటిల్లిపాదీ చూసే కార్డు మీద అలా రాస్తే ఫలితాన్ని వీధిలో చాటినట్టే. మామూలు సిరా, మామూలు గడి చాలు.

2000 దశకం మొదట్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గర్భిణుల్లో నూటికి ఒకరికి పైగా హెచ్ఐవీ ఉన్న రోజులు. ఇప్పుడు నెలలు గడిచినా ఒక్కటీ రాని పీహెచ్‌సీలు ఎన్నో. రావట్లేదు కదా అన్న ధీమాతో కిట్ల ఇండెంటు ఆలస్యమవుతుంది, గడువు తీరిన పెట్టె అడుగున పడుంటుంది.

నాలుగున్నరకు లెక్క చూస్తే వాడిన కార్డులు, రాసిన పేర్లు సరిపోయాయి. ఒక కార్డు మాత్రం ఎక్కువ, సి గీత రాక పారేసి రెండోది వాడినందువల్ల. నలుగురివి ఖాళీ. ముగ్గురు ఆటో ఎక్కేశారు, ఒకామె "మా ఆయన్నడిగి వస్తా" అంది. ఆయన చెన్నైలో బిల్డింగు పనిలో ఉన్నాడు. ఆమె సమ్మతి ఒక్కటే చాలని చెప్పారు, విని తలూపి వెళ్లిపోయింది. వచ్చే సంతకు పట్టుకెళ్లడానికి ఏఎన్ఎం ఐదు కార్డులు, ఒక బఫర్ సీసా, పది లాన్సెట్లు పక్కన పెట్టింది. సంతలో తెర కట్టే చోటెక్కడో ఇంకా తేలలేదు.