ఆయన వేలిముద్ర పడలేదు

"ఇంకోసారి నొక్కండి సార్," అన్నాడు ఆధార్ సెంటర్ అబ్బాయి. మా ఆయన బొటనవేలు పంచెకు తుడుచుకుని మళ్లీ పెట్టాడు. ఎర్ర లైటే. పది వేళ్లూ అయిపోయాయి.

పెద్దపేగు క్యాన్సర్‌కి ఏడాదిగా కేపసైటబిన్ అనే కీమో మాత్రలు మింగుతున్నాడు. అరచేతులు ఎర్రబడి పొరలు పొరలుగా ఊడిపోయాయి. దగ్గరికి తీసుకుని చూస్తే వేళ్ల కొసలు గోళీకాయల్లా నున్నగా ఉన్నాయి, ఒక్క గీత లేదు. ఆ మందుకి అలా అవుతుందని డాక్టరుగారు తర్వాత చెప్పారు. ఇది 2025 ఏప్రిల్ మాట. వెనక క్యూలో ఎవరో విసుక్కుంటున్నారు. ఆయన మాత్రం నా వైపు తిరిగి, "చూడవే, ఇప్పుడు ఏ దొంగతనం చేసినా దొరకను" అన్నాడు. కడకు కంటిపాప తీసుకుని పని కానిచ్చాడు ఆ అబ్బాయి.

అంత కష్టపడి తీసుకెళ్లింది ఎందుకంటే, ఆధార్‌కి ఉన్న ఫోన్ నంబరు ఎప్పుడో పోయింది. అది మారితేగానీ ఓటీపీ రాదు, ఓటీపీ రాందే పీఎఫ్‌లో నామినీ పడదు. ఆయన రేణిగుంట దగ్గర ఒక ఫ్యాక్టరీలో చేసేవాడు. చేరినప్పుడు నామినీగా వాళ్లమ్మ పేరు రాశాడట. మా అత్త పోయి ఆరేళ్లయింది. మనిషి మంచంలో ఉండగా ఈ సంగతి ఎత్తడానికి నాకు నోరు రాలేదు. నెల రోజులు దిగమింగుకున్నాను. ఆఖరికి ఆయనే, "నేను బాగుండగానే రాయించుకో. తర్వాత ఆఫీసుల చుట్టూ తిరగలేవు నువ్వు" అన్నాడు.

ఇంకో గండం కూడా అప్పుడే తప్పింది. ఫ్యాక్టరీ వాళ్లు కబురు చేశారు: రాజీనామా రాసిస్తే లెక్క తేల్చి డబ్బులిస్తామని. అవసరంలో ఉన్నాం, సంతకం పెట్టేసేవాళ్లమే. మా వీధిలో రిటైరైన గుమాస్తా మామ ఒకాయన ఉన్నాడు. ఆయన కాగితం లాక్కున్నంత పని చేశాడు. "పేరు రోల్స్‌లో ఉండగా ఏదన్నా అయితే పీఎఫ్‌తో పాటు ఉండే ఈడీఎల్ఐ బీమా వస్తుంది, గరిష్ఠంగా 7 లక్షలు. రాజీనామా ఇస్తే అదీ పోతుంది, పిల్లకి వచ్చే పింఛనూ గందరగోళం అవుతుంది" అన్నాడు. సెలవులు కలుపుకుని ఆగస్టు దాకా జీతం పడేలా చూసుకున్నాం.

కీమో ఖర్చు చాలావరకు ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు మీదే గడిచింది. ఆరోగ్యమిత్ర పిల్ల ఓపిగ్గా కాగితాలు చూసేది. కార్డు మోయనిది ఆటోలు, బయట తీయించిన స్కాన్లు, పోషకాహారం డబ్బాలు, నేను కుట్టుమిషన్ ఎక్కని రోజులు. అప్పు పెరిగింది అక్కడ.

రెండు లక్షలు మూడు రూపాయల వడ్డీకి తెచ్చాం. నెలకు 6,000 వడ్డీకే పోయేది, అసలు అసలుగానే ఉండేది. పీఎఫ్‌లో వైద్యానికని అడ్వాన్సు పెట్టాం. అది రాగానే మందులకు దాచుకుందామనిపించింది. కానీ మొత్తం తీసుకెళ్లి ఆ అప్పిచ్చినాయన చేతిలో పోశాను. ఇంకా తక్కువపడితే డ్వాక్రా గ్రూపు వాళ్లు నా రెండు కంతులు కట్టారు, నన్నడక్కుండా.

నా నగలు బ్యాంకులో ఉన్నాయి, లోన్ మాత్రం ఆయన పేరున. మనిషి పోయాక వారసుల కాగితాలు తెస్తేగానీ ఇవ్వరని విన్నాను. మా బావ ఒక్కపూటకి డబ్బు సర్దాడు. పొద్దున కట్టి విడిపించి, మధ్యాహ్నం నా పేరున మళ్లీ పెట్టాం. ఇంకో చిన్న సంగతి: జీవనజ్యోతి బీమాకి ఏటా మే చివర్లో 436 రూపాయలు ఖాతాలోంచి కోసుకుంటారు. పాస్‌బుక్ ప్రింట్ వేయిస్తే ఖాతాలో 212 ఉంది. అప్పటికప్పుడు 500 వేశాను. లేకపోతే బీమా కింద వచ్చే రెండు లక్షలు రావు.

ఇక ఇల్లు. తిరుపతి జీవకోనలో మేడ మీద అద్దెకున్నాం. ఆగస్టులో ఇంటి ఓనరమ్మ పైకొచ్చి, గుమ్మం దగ్గరే నిలబడి, చెంగు నలుపుకుంటూ, "తప్పుగా అనుకోవద్దమ్మా. నక్షత్రం బాగాలేకపోతే ఆర్నెల్లు ఇల్లు మూసిపెట్టాల. పైకీ కిందకీ ఒకటే గడప కదా మాకు" అంది. నాకు ఒళ్లు మండింది. చావు కోసం ముహూర్తం చూసుకోమంటుందా అనుకున్నాను. నేను నోరు తెరిచేలోగా లోపల్నించి ఆయన గొంతు: "మా పాకాల ఇంటికి పోతాంలేమ్మా. ఆడ వసారా ఉండాది, గాలి వస్తాది. పాపకి కాలేజీ ఉంది, ఈ ఇల్లు మాత్రం వాళ్లకి ఉంచు." ఓనరమ్మ ఏడ్చేసింది. ఆ పూట నుంచి మేం బయల్దేరే దాకా రోజూ గిన్నెడు మిరియాల చారు పంపింది. కోపం ఉంచుకోవడానికి కూడా లేకుండా చేసింది.

పాకాలలో ఐదు వారాలున్నాం. అక్టోబరులో ఒక తెల్లవారుజామున పోయాడు. దాని గురించి ఇక్కడ రాయను.

21 రోజుల్లోపు పంచాయతీలో మరణం నమోదు చేయించాం. సర్టిఫికెట్లు పది తీసుకున్నాను, ఎనిమిది ఖర్చయ్యాయి. సచివాలయంలో వితంతు పింఛను అడిగితే, మొగుడు ప్రభుత్వ పింఛను తీసుకుంటూ పోతేనే పెళ్లానికి ఆ నెల నెలా 4,000 మారుతుంది, మీకు ఆ కోటా రాదమ్మా అన్నారు. పీఎఫ్ వితంతు పింఛను వచ్చింది, పాపకి దాన్లో పాతిక శాతం వేరే. బీమా డబ్బు జనవరిలో పడింది. నామినీ నేనే కాబట్టి ఎవరి సంతకమూ అడగలేదు. బ్యాంకు బంగారం విడిపించి, మిగిలింది పాప పేరున ఎఫ్డీ వేశాను.

పండగ వెళ్లాక ఓనరమ్మ మళ్లీ పైకొచ్చింది. ఈసారి లోపలికి వచ్చి కూర్చుంది. కాఫీ తాగి, అద్దె 500 పెంచుతున్నానని చెప్పింది. 300 చేయించాను.