మెత్తటి సున్నం నిలబెట్టిన ఇళ్లు

పాత కట్టడం కనబడగానే "అప్పట్లో గట్టిగా కట్టేవాళ్లు" అనేస్తాం. లండన్‌లో జార్జియన్ కాలపు, అంటే జార్జ్ రాజులు ఏలిన 18వ శతాబ్దం, 19వ శతాబ్దం మొదట్లో కట్టిన ఇటుక ఇళ్ల మరమ్మతులు చూసే ఇంజనీరుగా నేను చెప్పేది వేరు. బ్లూమ్స్‌బరీ వీధుల్లో వరసగా నిలబడ్డ ఆ ఇళ్లు చాలావరకు అమ్మకం కోసం హడావుడిగా లేపినవి. భూమి బెడ్‌ఫోర్డ్ డ్యూక్ లాంటి దొరలది. బిల్డరు దాన్ని 99 ఏళ్ల లీజుకి తీసుకుని, గోడలూ కప్పూ నిలబెట్టి, లోపలి పని అవకముందే కొనేవాళ్లని వెతుక్కునేవాడు.

ముఖం మాత్రం చూడముచ్చటగా ఉంటుంది. ఆ తీరులో సగం చట్టాలు తేల్చినదే. 1666లో నగరం తగలబడ్డాక, 1667 చట్టం ఇటుకతోనో రాతితోనో కట్టమంది, ఇంటి తరగతిని బట్టి గోడ మందమూ చెప్పింది. 1709 చట్టంతో కిటికీ చట్రాలు గోడ ముఖం నుంచి నాలుగంగుళాలు లోపలికి జరిగాయి. 1774 చట్టం వాటిని ఇటుక వెనక్కి దాచేయమంది, మంటలకి కొయ్య అందకుండా. ఆ మరుసటేడు మొదలైన బెడ్‌ఫోర్డ్ స్క్వేర్‌లో కిటికీ చుట్టూ కొయ్య సన్నటి గీతలా మాత్రమే కనిపిస్తుంది. మొదటి అంతస్తు కిటికీలు బాగా పొడుగు, అతిథుల్ని కూర్చోబెట్టే గది అక్కడే గనక. పైకి పోయేకొద్దీ కురచవుతాయి. మూసేసిన కిటికీ కనబడితే 1696 నుంచి 1851 దాకా ఇంటికున్న కిటికీల లెక్కన వసూలు చేసిన పన్నే కారణమంటారు. అన్నీ అలాంటివి కావు. వరస కుదరడానికి మొదట్నుంచీ ఉత్తుత్తిగా కట్టినవీ ఉన్నాయి.

అసలు సంగతి ఇటుక వెనక ఉంది. ప్రతి వరసలో ఒక ఇటుక పొడుగు వైపు, పక్కది పొట్టి వైపు కనబడేలా పేర్చడాన్ని ఫ్లెమిష్ బాండ్ అంటారు. పొట్టి వైపు కనబడే ఇటుక గోడలోకి వెళ్లి ముందు పొరనీ వెనక పొరనీ కలిపి పట్టుకోవాలి. కానీ ముందుకి వాడే మేలురకం ఇటుక ఖరీదు. అందుకని చాలాచోట్ల దాన్ని సగానికి విరిచి పెట్టేశారు. వెనకాల చవకరకం ఇటుక, మధ్యమధ్య బిగువు కోసం గోడలో పడుకోబెట్టిన కలప. ఆ కలప చెమ్మకి పుచ్చిపోతుంది. పొట్ట ఉబ్బిన గోడ ఒకటి విప్పినప్పుడు, రెండు పొరల మధ్య నా చెయ్యి దూరింది.

అయినా అది ఇన్నాళ్లు నిలబడిందంటే ఇటుకల మధ్య పెట్టిన సున్నం చలవే. లండన్‌లో చాలాచోట్ల నేల బంకమన్ను. వానకి ఉబ్బుతుంది, ఎండకి కుంచించుకుపోతుంది. సున్నం ఆ కదలికకి కాస్త సర్దుకుంటుంది, గోడలోని చెమ్మని బయటికి వదిలేస్తుంది. చిట్లాల్సి వస్తే తనే చిట్లి ఇటుకని కాపాడుతుంది. తర్వాత్తర్వాత మరమ్మతు పేరుతో ఇటుకల మధ్య సందుల్లో సిమెంటు కూరారు. దాంతో చెమ్మకి ఇటుకలోంచి తప్ప దారి లేదు. చలికాలంలో ఆ నీరు లోపలే గడ్డకడితే ఇటుక ముఖం పెళ్లలుగా రాలుతుంది. ఉలితో ఆ సిమెంటు తీయించడమే నా పనిలో పెద్ద భాగం. మిషన్ పెడితే తొందరగా అవుతుంది, ఇటుకల అంచులు పోతాయి. దానికి నేను ఒప్పుకోను. మళ్లీ సున్నం పెట్టాక దాన్ని ఆరిపోనివ్వకుండా తడి గోనెపట్టాలు కప్పుతాం. చలి 5 డిగ్రీల కిందికి దిగితే పని ఆపేస్తాం.

మా నాన్న తాపీ మేస్త్రీ. ఫొటోలు చూసి, "మా చిన్నప్పుడు మనదీ గానుగ సున్నమేరా. ఎద్దుల్ని కట్టి తిప్పేవాళ్లు" అన్నాడు. తాతయ్య కట్టిన ఇంటి గోడకి చెమ్మెక్కుతోందని సిమెంటు ప్లాస్టరింగ్ చేయించబోతున్నాడు. వద్దన్నాను. పెళ్లలూడిన ఇక్కడి ఇటుకల్ని వీడియో కాల్‌లో దగ్గర్నుంచి చూపించాను. చాలాసేపు చూసి, "సరే, అయితే సున్నం కలిపేవాణ్ణి నువ్వే వెతికిపెట్టు" అన్నాడు. గోదావరి జిల్లాల్లో గానుగ సున్నం పని ఇంకా చేస్తున్న మేస్త్రీలు మీకెవరైనా తెలిస్తే చెప్పండి. వానాకాలంలోపే మొదలుపెట్టాలి.