పాత పనిముట్ల కోసం షెఫీల్డ్ దాకా

మాంచెస్టర్ నుంచి షెఫీల్డ్‌కి వెళ్లే రైలు పెన్నైన్ కొండల మధ్య హోప్ లోయ గుండా సాగుతుంది. దారి పొడవునా కిటికీలోంచి కనిపించే ఆ కొండల్లోని గరుకు ఇసుకరాయినే ఒకప్పుడు సానరాళ్లుగా చెక్కి ఊళ్లోకి దింపేవారు. ఆ రాయికి డాన్, షీఫ్, పోర్టర్, రివెలిన్, లాక్స్‌లీ అనే అయిదు ఏరుల నీరు తోడవబట్టే షెఫీల్డ్ కత్తులకు, ఉలులకు, రంపాలకు, ఆకురాళ్లకు పుట్టిల్లయింది. సెకండ్ హ్యాండ్ పనిముట్లు కొని బాగుచేసుకునేవాళ్లు ఒక్కసారైనా చూడాల్సిన ఊరు ఇది. తుప్పు వదిలించే చిట్కాలు ఎవరైనా చెబుతారు. ఆ వస్తువును మొదట ఎలా తయారు చేశారో తెలిస్తేనే, దానిలో ఎక్కడ చెయ్యి పెట్టొచ్చో ఎక్కడ పెట్టకూడదో అర్థమవుతుంది.

మొదట కెల్హమ్ ఐలండ్ మ్యూజియంకి వెళ్లాను. డాన్ నదికీ, మిల్లు కోసం తవ్విన పాత కాలువకీ మధ్య మిగిలిన చిన్న లంక అది. 1905లో కట్టిన 12,000 హార్స్‌పవర్ ఆవిరి యంత్రం అక్కడే ఉంది, జనమంతా దాని ముందే ఆగిపోతారు. పనిముట్ల మీద మమకారం ఉన్నవాళ్లు తిన్నగా హాలీ గ్యాలరీలోకి నడవాలి. షెఫీల్డ్‌లోనే పనిముట్ల దుకాణం నడిపిన కెన్ హాలీ ఏళ్ల తరబడి కూడబెట్టిన సేకరణ అది. లక్షకు పైగా వస్తువులున్నాయంటారు. తయారైన సరుకు ఒక్కటే కాదు, సగంలో ఆగినవి, ఆ సరుకు చేసే పనివాళ్ల పరికరాలు, పాత కేటలాగులు కూడా ఆయన దాచిపెట్టారు. ఆ సగం సరుకు దగ్గర నేను చాలాసేపు గడిపాను.

ఆకురాయినే తీసుకోండి. యంత్రాలు రాకముందు ఒక్కో గీతనూ ఉలితో, సుత్తితో చేత్తోనే కొట్టేవారు. ఒక ముఖం మీద పళ్లు కొట్టాక రెండో ముఖం కొట్టేటప్పుడు మొదటివి చితకకుండా కింద సీసపు దిమ్మ పెట్టేవారు. ఆ సీసం ఎందరో పనివాళ్ల ఆరోగ్యాన్ని తినేసింది. చేత్తో కొట్టిన ఆకురాయిని వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూస్తే వరసల మధ్య దూరం వెంట్రుకవాసి అటూఇటూ అవుతూ కనిపిస్తుంది. అలాంటిది తుప్పుతో దొరికితే తీగ బ్రష్షుతో గట్టిగా రుద్దకండి, పళ్ల కొనలు మొద్దుబారతాయి. ముందు డిటర్జెంట్ నీళ్లలో నానబెట్టి జిడ్డు వదిలించాలి. తర్వాత వెనిగర్‌లో ఒక రాత్రి ఉంచి, పాత టూత్‌బ్రష్‌తో పళ్ల వాలు వెంబడి తోమాలి. అదయ్యాక వంట సోడా నీళ్లలో ముంచి, కడిగి, వేడిగాలికి ఆరబెట్టి, నూనె రాయాలి. పళ్ల కొనలు తెల్లగా మెరుస్తుంటే ఆ ఆకురాయి అరిగిపోయినట్టే, ఏ ఆమ్లమూ దాన్ని నిలబెట్టలేదు.

రంపాల విషయంలో నా అభిప్రాయాన్ని స్థిరపరచింది కూడా ఈ గ్యాలరీయే. మంచి చేతిరంపం రేకు అంతటా ఒకే మందం ఉండదు. పళ్ల వైపు కాస్త మందంగా, వీపు వైపు పలుచగా సానబడతారు. ఆపైన సుత్తి దెబ్బలతో రేకులో బిగువు తెస్తారు. ఆ బిగువు వల్లే వంచి వదిలితే రేకు తిన్నగా తన చోటికి వచ్చేస్తుంది. గ్రైండర్ మీద తీగ చక్రం పెట్టి తుప్పు తీసేవాళ్లు ఈ సంగతి మర్చిపోతారు. ఒక్కచోట వేడెక్కిన రేకు బిగువు పోగొట్టుకుని అలలు తేలుతుంది. రంపం రేకును చేత్తోనే శుభ్రం చెయ్యాలి. ముందు పెయింటు గీకే బ్లేడును పడుకోబెట్టి పైపొర గీకాలి. తర్వాత చెక్క దిమ్మకు 320 ఎమరీ పేపర్ చుట్టి, పలుచని నూనెతో తడి చేసి, పొడవు వెంబడే రుద్దాలి. దిమ్మ లేకుండా వేళ్లతో రుద్దితే గుంటలు లోతవుతాయి. కంపెనీ ముద్ర ఉండే మధ్యభాగాన్ని 400 పేపర్‌తో నెమ్మదిగా తాకితే చాలు. ఆ ముద్ర ఆమ్లంతో కొరికించినది, దాని లోతు కాగితం మందం కూడా ఉండదు. మసకగా ఉంటే ఉక్కును నల్లబరిచే గన్ బ్లూ ద్రావణం రాసి, ఆరాక దిమ్మ మీద 600 పేపర్‌తో ఒకటి రెండు సార్లు లాగితే అక్షరాలు నల్లగా తేలతాయి.

పిడిని పట్టి ఉంచే ఇత్తడి నట్లకు పాత రంపాల్లో మధ్యలో చీలిక ఉంటుంది. మామూలు స్క్రూడ్రైవర్ వాటికి పట్టదు. పాత స్క్రూడ్రైవర్ కొన మధ్యలో గాడి రాకి, దానితోనే విప్పాలి. బిగుసుకుంటే బలం పెట్టకుండా ఒక చుక్క నూనె వేసి మర్నాటి దాకా వదిలెయ్యాలి. ఆ ఇత్తడి మెత్తన, మెడ దగ్గర విరిగితే మళ్లీ అలాంటిది దొరకడం కష్టం.

షీఫ్ నది ఒడ్డున ఉన్న ఆబీడేల్ ఇండస్ట్రియల్ హామ్లెట్ ఒకప్పుడు పెద్ద కొడవళ్ల కార్ఖానా. 1933లో పని ఆగింది, 1970లో మ్యూజియంగా తెరిచారు. నీటి చక్రంతో లేచి పడే సమ్మెటలు, సానశాల, మూస ఉక్కు కొలిమి అన్నీ ఒకే ఆవరణలో ఉన్నాయి. గడియారాల స్ప్రింగులకు మంచి ఉక్కు కావాలని బెంజమిన్ హంట్స్‌మన్ 1740ల్లో ఈ ప్రాంతంలోనే మట్టి మూసల్లో ఉక్కు కరిగించే పద్ధతిని సాధించాడు. ఆ మూసల మట్టిని గంటల తరబడి ఒట్టి కాళ్లతో తొక్కేవారు, గాలి బుడగ ఒక్కటి మిగిలినా కొలిమిలో మూస పగులుతుంది. ఇంత కష్టపడి చేసిన మూస సుమారు మూడు కరుగులకే పనికొచ్చేది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మనవాళ్లు అంతకు ఎంతో ముందే మూసల్లో ఉక్కు చేశారు. పద్ధతి వేరు: అక్కడ ఇనుము మూసలోనే కర్బనాన్ని పీల్చుకుని మెల్లగా చల్లబడి గడ్డకట్టేది, ఇక్కడ అప్పటికే కర్బనం ఎక్కిన ఉక్కును పూర్తిగా కరిగించి అచ్చులో పోసేవారు. ఆ కొలిమి ముందు నిలబడ్డ తెలుగువాడికి కోనసముద్రం గుర్తు రాకుండా ఉండదు.

పాత ఉలి మీద, చిత్రిక బ్లేడు మీద ‘కాస్ట్ స్టీల్’ అని ముద్ర ఉంటే అది ఈ మూస ఉక్కే, బీడు కాదు. ఖరీదైన ఈ ఉక్కును పొదుపుగా వాడేవారు. మెత్తటి ఇనుప పట్టీ చివర పలుచని ఉక్కు పలకను కాల్చి అతికేవారు. బ్లేడు ఏటవాలు ముఖాన్ని నూరి దీపం కిందకు తెస్తే కొన దగ్గర అద్దంలా మెరిసే సన్నని పట్టీ, దాని వెనక పొగ కమ్మినట్టుండే ఇనుము, రెండింటి మధ్య గీత స్పష్టంగా కనిపిస్తాయి. గీత కనిపించకపోతే ఒక చుక్క వెనిగర్ వెయ్యండి, ఉక్కు భాగం ముందు నల్లబడుతుంది. ఆ ఉక్కు బ్లేడు పొడవంతా ఉండదు. మధ్య గాడి దగ్గరదాకా అరిగిన బ్లేడులో మిగిలింది మెత్తటి ఇనుమే, ఎంత నూరినా పదును నిలవదు. అమ్మేవాడు ఏ పేరు చెప్పినా దాన్ని వదిలెయ్యండి.

ఇది మిశ్రమ లోహాలు కలవని కర్బన ఉక్కు కాబట్టి వేడికి ఓర్చుకోదు. గ్రైండర్ మీద గడ్డిరంగు తేలితే 220 డిగ్రీల సెల్సియస్ దాటినట్టు, నీలం వస్తే 300 దగ్గరికి చేరినట్టు. నీలం పడ్డ చోట గట్టిదనం పోయింది, ఆ భాగమంతా పోయేదాకా నూరెయ్యక తప్పదు. బ్లేడును చక్రానికి ఆనించి రెండు మూడు క్షణాలు నడిపి నీళ్లలో ముంచుతుండాలి. వేలికి చురుక్కుమనకముందే ముంచడం నియమం. కొనమీది నీటిబొట్టు ఆవిరవుతుంటే అప్పటికే ఆలస్యమైనట్టు లెక్క.

పోర్టర్ వాగు మీద షెపర్డ్ వీల్ అనే సానశాల చిన్నది. ఒక్క నీటి చక్రం లోపలి సానరాళ్లన్నిటినీ తిప్పేది. పనివాళ్లు గుర్రమెక్కినట్టు బల్లపై కాళ్లు చెరోవైపు వేసి, రాయి మీదకు వంగి కూర్చునేవారు. పొడిగా నూరేవాళ్ల ఊపిరితిత్తులను ఆ రాతిధూళి చిన్న వయసులోనే తినేసేది. ఇప్పటికీ ఎమరీ పేపర్‌ని తడి చేసి వాడమనడానికి ఇలాంటి ధూళి ఒక కారణం. పాత వైస్‌ల మీద, యంత్రాల మీద ఉన్న రంగులో సీసం ఉందనే అనుకోవాలి. దాన్ని పొడిగా రుద్దకుండా జెల్లీ రిమూవర్‌తో మెత్తబరచి గీకాలి, ధూళిని వడకట్టే మాస్క్ పెట్టుకోవాలి.

కొనడానికి ఊరి బయట ఆదివారం పూట జరిగే అంగడికి వెళ్లాను. కార్ల డిక్కీలు తెరిచి సామాను నేల మీద పరిచి అమ్ముతారు. తెల్లవారేసరికే వెళ్లాలి. జేబులో చిన్న టార్చి, పదిహేను సెంటీమీటర్ల స్టీలు స్కేలు, అయస్కాంతం, ముతక గుడ్డ ఉంటే చాలు.

ఇనుప చిత్రిక చేతికొస్తే ముందు బ్లేడు తీసేసి, బ్లేడు కొన బయటికొచ్చే నోటి రెండు మూలలనూ పక్క గోడలనూ టార్చి వెలుతురులో చూడాలి. బీడులో వెంట్రుక లాంటి చీలిక ఉన్నా కొనొద్దు. వెల్డింగ్ చేస్తే ఆ వేడికి బీడు వంకర పోతుంది. తర్వాత లోతు సరిచేసే ఇత్తడి చక్రం తిప్పి చూడాలి. చాలావాటికి ఎడమ మర (మామూలు మరకు ఎదురు దిశలో బిగిసేది) ఉంటుంది, అడ్డదిడ్డంగా బలం పెడితే తెగుతుంది. స్టాన్లీ కంపెనీ చిత్రికల్లో పిడులను పట్టే రాడ్ల మర 12-20, అంటే 12 నంబరు మందం, అంగుళానికి 20 చుట్లు. మామూలు హార్డ్‌వేర్ షాపుల్లో ఆ కొలత దొరకదు కనుక పోయిన స్క్రూలకు వేరే పాత చిత్రిక వెతుక్కోవాల్సిందే. బ్లేడు వెనక పీఠం దగ్గర మూడు పేటెంట్ తేదీలు, వాటిలో చివరిది 1910 ఏప్రిల్‌ది ఉంటే అది 1910 నుంచి 1918 మధ్య అమెరికాలో తయారైన స్టాన్లీ. షెఫీల్డ్‌లో సి. అండ్ జె. హాంప్టన్ కంపెనీ 1931 నుంచి అదే నమూనాలో చేసిన ‘రికార్డ్’ చిత్రికలు పనిలో ఏమాత్రం తీసిపోవు.

పైన కమ్మిన ఎర్ర తుప్పు చూసి భయపడనక్కర్లేదు, అది పోతుంది. అసలు నష్టం గుంటలది. బ్లేడు వెనక ముఖాన కొనకు పది మిల్లీమీటర్ల లోపు గుంట ఉంటే, నూరుతూ నూరుతూ ఆ గుంట కొనకు చేరినప్పుడల్లా పదునులో పన్ను విరిగినట్టు ఖాళీ వస్తుంది, చెక్క మీద గీత పడుతుంది. పక్కల మీద, పై ముఖాన ఎన్ని గుంటలున్నా పనికి అడ్డం కావు.

బరువైన భాగాలకు కరెంటు పద్ధతి మేలు. ప్లాస్టిక్ తొట్టిలో పది లీటర్ల నీళ్లకు రెండున్నర టేబుల్ స్పూన్ల చాకలి సోడా కలపాలి. 12 వోల్టుల బ్యాటరీ చార్జర్ నెగెటివ్ తీగను పనిముట్టుకు, పాజిటివ్‌ను మామూలు స్లాబు కడ్డీకి తగిలించాలి. తీగలు తారుమారైతే కరిగేది పనిముట్టే. కడ్డీ స్థానంలో స్టెయిన్‌లెస్ వాడితే నీళ్లలో విషపూరితమైన క్రోమియం చేరుతుంది. హైడ్రోజన్ వెలువడుతుంది కాబట్టి ఆరుబయటే పెట్టాలి, కరెంటు ఆపకుండా క్లిప్పులు ముట్టుకోకూడదు. కొత్త రకం చార్జర్లు బ్యాటరీ కనిపించనిదే పనిచెయ్యవు, పాత ట్రాన్స్‌ఫార్మర్ రకం వెతుక్కోవాలి. కడ్డీకి ఎదురుగా ఉన్న ముఖమే బాగా శుభ్రపడుతుంది, మధ్యలో తిప్పి పెట్టాలి. చిత్రిక శరీరానికి పూసిన నల్లటి జపానింగ్ ఈ తొట్టిలో ఊడిపోవచ్చు. ఆ పూత బాగుంటే కరెంటు జోలికి పోకుండా కీలేటింగ్ ద్రావణంలో (తుప్పును మాత్రమే పట్టి లాగేసే ద్రావణం) ఒక రాత్రి ఉంచడం మంచిది, అది మంచి లోహాన్ని తినదు. నిమ్మ ఉప్పు లీటరుకు 50 గ్రాములు కలిపినా పనిచేస్తుంది. కాకపోతే గంటకోసారి తీసి చూడాలి, ఎక్కువసేపు ఉంటే ఉక్కు బూడిదరంగుకు తిరిగి గరుకవుతుంది. ఏ పద్ధతిలోనైనా బయటికి తీసిన నిమిషాల్లోనే పలుచని తుప్పు మళ్లీ కమ్ముతుంది, కడగడం, ఆరబెట్టడం, నూనె రాయడం ఒకే ఊపులో జరగాలి.

చిత్రిక అడుగు చదును చేసేటప్పుడు బ్లేడును లోపలికి లాగి, దాన్ని పట్టే మూత మాత్రం పనిలో ఉన్నంత బిగుతుగానే ఉంచాలి. ఆ బిగుతుకు బీడు కాస్త వంగుతుంది, విప్పేసి చదును చేస్తే బిగించాక మళ్లీ తేడా వస్తుంది. పది మిల్లీమీటర్ల గాజు పలక మీద 80 పేపర్ అతికించి, అడుగున మార్కర్‌తో అడ్డగీతలు గీసి తోయాలి. ముందు కొస, నోటి ముందు అంచు, వెనక కొస ఈ మూడు చోట్లా గీతలు చెరిగితే చాలు. మధ్యలో పల్లం మిగిలినా ఫరవాలేదు. తర్వాత 120, 220. అంతకు మించి అద్దంలా మెరిపించడం లోహం దండగ.

పిడులకు పాత లక్క పాలిష్ నిలిచి ఉంటే మైనం రుద్దితే సరి. ఒట్టి చెక్క బయటపడ్డ చోట బాయిల్డ్ అవిసె నూనె పలుచగా రాసి, పావుగంటలో మిగులు తుడిచెయ్యాలి. ఆ గుడ్డలు ఉండచుట్టి పడేస్తే వాటంతటవే నిప్పంటుకోవచ్చు. నీళ్లలో ముంచి గానీ, విప్పి ఆరేసి గానీ ఉంచాలి.

తిరుగు ప్రయాణంలో పదునున్నవన్నీ చెక్‌ఇన్ సామానులోకే. పాత స్టాన్లీ పిడులు బ్రెజిల్ రోజ్‌వుడ్‌వి అయ్యే అవకాశం ఉంది. ఆ చెట్టు 1992 నుంచి సైటిస్ (అంతరించే జీవజాతుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) మొదటి అనుబంధంలో ఉంది, అనుమతి పత్రాలు లేకుండా సరిహద్దు దాటించకూడదు. బీచ్ చెక్క పిడులకు ఈ బెడద లేదు, నేను తెచ్చినవన్నీ అవే. రంపం పళ్లకు నిలువునా చీల్చిన హోస్‌పైపు తొడిగాను, లోహానికి నూనె పట్టించి తుప్పు నిరోధక కాగితం చుట్టాను. న్యూస్‌పేపర్ తేమ పీలుస్తుంది, వాడొద్దు. విమానం సరుకు అరలో చల్లబడ్డ ఇనుమును మన ఉక్క గాలిలో వెంటనే విప్పితే నిలువెల్లా చెమ్మ పడుతుంది. పెట్టె గది వేడికి వచ్చేదాకా మూత తియ్యకుండా ఉంచి, తీశాక మొదట రంపం పళ్లను, ఆ తర్వాత స్క్రూ రంధ్రాలను నూనె గుడ్డతో తుడవాలి.