చెమ్మ మరక ఒకచోట, పగులు మరోచోట

పడకగది పైకప్పులో, ఫ్యాను కొక్కెం పక్కన అరచేయంత గోధుమరంగు మరక కనిపించగానే నేను తొందరపడ్డాను. సరిగ్గా దానికి పైన, డాబా మీది గచ్చును కొట్టించి కొత్తగా సిమెంటు వేయించాను. తర్వాతి వానకు మరక కంచమంత అయింది. మేస్త్రీ పని బాగానే చేశాడు. నీరు ఎక్కడ దిగుతోందో చూడకుండా, ఎక్కడ బయటపడిందో అక్కడ పని చెప్పింది నేను.

స్లాబులో దిగిన నీరు తిన్నగా కిందికి రావాలని లేదు. లోపల కరెంటు తీగల కోసం వేసిన గొట్టం తగిలితే దాని వెంటే పోతుంది. ఆ గొట్టాలు వచ్చి కలిసేది ఫ్యాను దగ్గరి డబ్బాలో కాబట్టి మరక అక్కడ తేలుతుంది. అలాంటిది కనిపిస్తే ముందు ఆ గదికి కరెంటు ఆపేయండి, మిగతా ఆలోచనలు తర్వాత.

అసలు దారి దొరికింది వానలో. ఉరుములు లేని ఒక ముసురు రోజున గొడుగు వేసుకుని డాబా ఎక్కాను. ఎండలో పదిసార్లు తిరిగినా తెలియనిది అప్పుడు తెలిసింది. తూము మూతికి ఎండుటాకులు అడ్డుపడి, నీరు వెనక్కి మళ్ళి పిట్టగోడ మూలలో నిలుస్తోంది. వాన వెలిశాక ఆ మడుగు అంచు చుట్టూ సుద్దముక్కతో గీత గీశాను. రెండు రోజులైనా అక్కడ తడి ఆరలేదు. తూము శుభ్రం చేసి, అంతా ఆరాక, ఆ మూలలో తడిమట్టితో చిన్న గట్టు కట్టి రెండు బిందెల నీళ్ళు పోశాను. సాయంత్రానికి నాలుగు మీటర్ల అవతల, ఫ్యాను దగ్గర చుక్క కట్టింది. ఇంకేం రుజువు కావాలి?

పిట్టగోడ స్లాబును కలిసే ఆ మూల ఎందుకు విడిపోతుందో కూడా చెప్పాలి. కాంక్రీటు ఎండకు సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. పది మీటర్ల స్లాబు 30 డిగ్రీల తేడాకు దాదాపు 3 మిల్లీమీటర్లు కదులుతుంది. ఇటుక గోడ కదలిక దానితో సమానంగా ఉండదు. రెండింటి మధ్య సందులో ఉత్త సిమెంటు పూస్తే మళ్ళీ అదే చోట చీలుతుంది. అక్కడ పట్టుకోగలిగేది సాగే గుణమున్న సీలెంటు, అంటే సందులు పూడ్చే జిగురు ముద్ద, మాత్రమే. పగులును కాస్త వెడల్పు చేసి, దుమ్మంతా దులిపి, పూర్తిగా ఆరాక నింపాలి. ఆపైన వేసే వాటర్ ప్రూఫింగ్ పూత గోడ మీదికి అడుగు ఎత్తు వరకు ఎక్కాలి. తడి ఆరకముందే పూత వేస్తే లోపలి చెమ్మ ఎండకు ఆవిరై పూతను బొబ్బల్లా లేపుతుంది. తొందర ఉన్నవాళ్ళు ఈ పని ఇంకో వారం వాయిదా వేయడమే మేలు.

నిలిచిన నీటిని తేలిగ్గా తీసుకోవద్దని అందరినీ బతిమాలుతుంటాను. నూరు చదరపు మీటర్ల డాబా మీద 5 సెంటీమీటర్ల నీరు నిలిస్తే 5 టన్నుల బరువు. బరువు కన్నా పెద్ద నష్టం కంటికి కనబడకుండా జరుగుతుంది. నీరు లోపలి ఇనుప ఊచలను చేరితే తుప్పు పడుతుంది, ఆ తుప్పు అసలు ఇనుము కన్నా రెండింతలకు పైగా చోటు అడుగుతుంది. కాంక్రీటు ఆ ఒత్తిడికి తాళలేక పెచ్చులుగా ఊడుతుంది. కర్ర పిడితో పైకప్పును కింద నుంచి మెల్లగా తట్టి చూడండి. డొల్ల శబ్దం వస్తే అక్కడ పొర విడిపోయినట్టే. దాని మీద సున్నం వేసి కప్పిపుచ్చితే లోపల ఊచను తుప్పు తినేస్తూనే ఉంటుంది.

మా అక్కవాళ్ళది రేకుల కప్పు. అక్కడ నేను చూసేది రేకులను బిగించే మరమేకుల కింద ఉండే రబ్బరు వాషర్లను. ఎండకు అవి బిరుసెక్కి పగులుతాయి, చుక్క అక్కడి నుంచే మొదలవుతుంది. రేకు మీద అడుగు వేయాల్సి వస్తే మరమేకుల వరుస మీదే వేయాలి, కింద దూలం ఉండేది అక్కడే. తడి రేకు మాత్రం ఎవరూ ఎక్కకూడదు. నిచ్చెనను ఒకరు పట్టుకుని ఉండాల్సిందే.

ఇప్పుడు వానాకాలానికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి డాబా అంతా తిరుగుతాను. తూములు, ట్యాంకు కింది చోటు, పిట్టగోడ పైభాగం. గోడ సందులో రావి మొలక కనిపిస్తే రెండాకుల వయసులోనే పీకేస్తాను, వేరు ఇటుకల మధ్యకు పోయాక పీకినా తెగి లోపలే ఉండిపోతుంది. ప్రతి పగులు కొసన పెన్సిలుతో అడ్డగీత గీసి తేదీ వేస్తాను. కదలని పగులు నన్ను భయపెట్టదు.

మొన్నటి వాన తర్వాత టార్చి పట్టుకుని చూశాను. ఫ్యాను దగ్గర పొడిగా ఉంది. ఉత్తరం వైపు పిట్టగోడ మీది పగులు మాత్రం గీతను దాటి వేలెడంత ముందుకు పోయింది. వరుసగా నాలుగు రోజులు ఎండ కాస్తే దాన్ని తెరిచి చూడాలి.