లెక్కల సారు బోర్డు

మన బడి పూర్వ విద్యార్థుల సావనీరుకు రాయమని కమిటీవాళ్లు ఫోన్ చేసినప్పుడు హాస్టల్ ఉగ్గాని, బురుజు దగ్గర సైకిల్ పందెం, 'తొమ్మిదో ఎక్కం' గొడవ అన్నీ రాద్దామనుకున్నాను. తీరా కూర్చుంటే లెక్కల సారు తప్ప ఇంకేమీ రాలేదు.

1982 డిసెంబరు గుర్తుందా? సారు ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి, పుట్టి తొమ్మిది నెలలైనా నిండని పార్టీ తరఫున నిలబడ్డారు. మనకేమో మార్చిలో పబ్లిక్, త్రికోణమితి మొదలే కాలేదు. అందరికీ ఒకటే టెన్షన్. ఒక రాత్రి పది గంటలకు ప్రచారం జీపు వచ్చి హాస్టల్ ముందు ఆగింది. మైకుల్లో మాట్లాడి మాట్లాడి సారు గొంతు పూర్తిగా పోయింది. పసుపు కండువా మడిచి కిటికీలో పెట్టి, సుద్దముక్క తీసుకున్నారు. కరెంటు లేదు. గంట తాత పెట్రోమాక్స్ లైటు పట్టుకున్నాడు. సైన్, కాస్, టాన్. ఒక్క మాట లేదు. మన మొహాలు చూసి, అర్థంకాని మెట్టు చెరిపి మళ్లీ రాసేవారు. పన్నెండున్నర దాకా ఎవరూ దగ్గలేదు కూడా.

జనవరి 5న పోలింగ్. గెలిచారు. ఇంటి అరుగు మీద నల్లబోర్డు పెట్టించారు. ఎడమవైపు వచ్చిన అర్జీలు, కుడివైపు తీరినవి. తీరనిది ఎవర్నీ చెరపనిచ్చేవారు కాదు. 1984 ఆగస్టులో ఎన్టీఆర్‌ను గద్దె దించాక ఎమ్మెల్యేలను కర్ణాటక క్యాంపుకు తీసుకెళ్లినప్పుడు ఆ బోర్డు దుమ్ముపట్టి అట్లాగే ఉంది. 1985లో మళ్లీ నిలబడమన్నా నిలబడలేదు. "సంతకంతో తీరేవి తీర్చినా గానీ, ఏడ్చేవాళ్ల పక్కన కూర్చునే టైం దొరకలేదు రా" అన్నారు నాతో. తర్వాత పాస్టరయ్యారు.

నేను ఇరిగేషన్‌లో చేరి ఇరవై ఏళ్లు కేసీ (కర్నూలు-కడప) కాలువ మీదే పనిచేశాను. గట్టు వాలు కొలిచిన ప్రతిసారీ ఆ రాత్రి నేర్చుకున్న టాన్ గుర్తొచ్చేది.

2009 అక్టోబరు వరద తీశాక సారు ప్రార్థనా మందిరానికి వెళ్లాను. అందరూ "అయ్యగారూ" అంటున్నారు, నా నోటికి మాత్రం సారు అనే వచ్చింది. బెంచీలింకా బురదలోనే ఉన్నాయి. బోర్డు మాత్రం కడిగి గోడకు ఆనించారు. ఎడమవైపు ఇళ్ల పేర్లు, కుడివైపు అందిన బియ్యం, దుప్పట్లు. తడి బోర్డు మీద సుద్ద పట్టడం లేదు, ఒత్తి ఒత్తి రాస్తున్నారు. నన్ను చూసి సుద్దముక్క నా చేతిలో పెట్టారు.

"నేను చెప్తా, నువ్వు రాయి."

చీకటి పడేదాకా రాశాను.