కోర్టు కాగితాలు తెచ్చుకున్న రోజు

గురువారం. నైట్ డ్యూటీ దిగి ఇంటికి రాకుండా నేరుగా కౌంటీ కోర్టుకి వెళ్లాను. రెండు కేసుల తీర్పులకి సర్టిఫైడ్ కాపీలు కావాలి. ఒకటి 2012ది, ఇంకొకటి 2014ది. రెండూ తాగి కారు నడిపినవే. కౌంటర్లో ఆవిడ కేసు నంబర్లు అడిగితే కాగితం చూడకుండానే చెప్పేశాను. ఆవిడ ముద్రలు వేస్తున్నంతసేపూ వెనక లైన్లో మనవాళ్లెవరైనా ఉన్నారేమోనని చూస్తూనే ఉన్నాను. ఇన్నేళ్లయినా ఆ భయం పోలేదు.

ఈ కేసుల వల్ల నర్సు లైసెన్స్ ఇవ్వడం కుదరదని నర్సింగ్ బోర్డు నుంచి ఉత్తరం వచ్చి ఇవాళ్టికి 11 రోజులు. అప్పీలుకి గడువు 30 రోజులు. కమ్యూనిటీ కాలేజీలో చదువు పూర్తయింది, ఆస్పత్రుల్లో చేయాల్సిన క్లినికల్స్ అన్నీ అయ్యాయి, లైసెన్స్ కోసం రాసే ఎన్‌క్లెక్స్ పరీక్ష ఒక్కటే మిగిలింది. దరఖాస్తులో నేరం రుజువైందా అని అడిగిన చోట అవునని నేనే రాశాను. రాయకపోయినా వేలిముద్రలు ఎఫ్‌బీఐకి వెళ్తాయి, బయటపడేదే. కానీ అందుకని రాయలేదు. దాచిపెట్టి తెచ్చుకున్న లైసెన్స్‌తో ఒక మనిషికి సూది మందు ఇవ్వలేను.

కోర్టు పార్కింగ్‌లో కూర్చుని అమ్మకి ఫోన్ చేశాను. తెనాలిలో అప్పటికి రాత్రి ఎనిమిది. అమ్మకి సంగతంతా తెలుసు. నాన్న తెలియకుండానే పోయారు.

"అయిపోయిందేదో అయిపోయింది నాన్నా. గ్రహచారం బాగోలేక జరిగింది. మళ్లీ ఎందుకు తవ్వుతారు వాళ్లు?" అంది.

"జరగలేదమ్మా, నేనే చేశాను" అన్నాను. ఈ మాట అమ్మతో ఎప్పుడూ అనలేదు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఏమన్నా తిన్నావా అని అడిగింది.

పదిన్నరకి లాయరు గారితో మాట్లాడాను. హియరింగ్‌లో ఆ పాత కేసులు తప్పో ఒప్పో మళ్లీ వాదించడానికి ఉండదు. శిక్ష పడిందంటే పడినట్టే. నేరం ఎంత పెద్దది, అప్పటికి నా వయసెంత, ఎన్నేళ్లయింది, ఆ తర్వాత ఎలా బతికాను, నర్సు పనికీ దానికీ సంబంధం ఏమిటి, ఇవి చూస్తారు. ఇప్పుడు తగినవాణ్ణని చూపించుకునే భారం నాదే. అందుకే ట్రీట్‌మెంట్ పూర్తిచేసిన సర్టిఫికెట్, పనిచేసే చోట సూపర్‌వైజర్ ఉత్తరం, మద్యం అలవాటు మీద కొత్తగా ఒక నిపుణుడి నివేదిక. దానితోపాటు పెత్ అని ఒక రక్తపరీక్ష. గత రెండు మూడు వారాల్లో మందు తాగి ఉంటే అందులో తెలిసిపోతుంది. హియరింగ్ దాకా నెలనెలా చేయించుకుంటానని నేనే చెప్పాను.

షరతులతో లైసెన్స్ ఇస్తామంటే ఒప్పుకుంటారా అని కూడా అడిగారు. అంటే ఎప్పుడు పిలిస్తే అప్పుడు పరీక్షలకి వెళ్లాలి, ఒకరి పర్యవేక్షణలో పనిచేయాలి, కాంపాక్ట్ అనే రాష్ట్రాల మధ్య ఒప్పందం కింద వేరే రాష్ట్రంలో పనిచేసే వీలుండదు, ఆ షరతుల సంగతి నర్సుల లైసెన్స్ వివరాలుండే నర్సిస్ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. ఒప్పుకుంటానన్నాను. ఆలోచించుకోవాల్సిన అవసరం కనిపించలేదు.

ఒక్కటి మాత్రం బాధగా ఉంది. కాలిఫోర్నియాలో 2020 జులై నుంచి, తీవ్రమైనవి కొన్ని తప్ప, ఏడేళ్లు దాటిన శిక్షల్ని కారణంగా చూపి లైసెన్స్ నిరాకరించకూడదు. మా రాష్ట్రంలో అలాంటి లెక్క లేదు. ఎన్నేళ్లయిందో చూస్తామంటారు, ఎన్నేళ్లయితే చాలో చెప్పరు. చెప్పాలి. చదువులో చేరే ముందే మనిషికి అది తెలియాలి.

బోర్డుకి ఉన్న అనుమానం మాత్రం నాకు అర్థమవుతుంది. నేను నర్సింగ్ హోమ్‌లో సీఎన్ఏగా, అంటే నర్సుల కింద సహాయకుడిగా చేస్తున్నాను. ఇక్కడ నర్సింగ్ హోమ్ అంటే మన ఊళ్లోలాగా ఆస్పత్రి కాదు, మంచం దిగలేని పెద్దవాళ్లుండే చోటు. పొద్దున ఏడింటికి డ్యూటీ మారేటప్పుడు దిగే నర్సూ ఎక్కే నర్సూ మందుల బండి దగ్గర నిలబడి తాళం వేసిన సొరుగు తీస్తారు. మార్ఫిన్, ఆక్సీకోడోన్ లాంటి మత్తు కలిగించే నొప్పి మందుల్ని ఒక్కొక్కటే లెక్కపెట్టి, పుస్తకంతో సరిచూసి, ఇద్దరూ సంతకాలు పెడతారు. అప్పుడు తాళాలు చేతులు మారతాయి. రోజూ ఆ పక్కనుంచే దుప్పట్లు మోసుకుంటూ వెళ్తాను. నేను బోర్డుని అడుగుతున్నది ఆ తాళాలే. వాళ్లు నా గురించి అంతా తెలుసుకోకుండా ఎలా ఇస్తారు?

మధ్యాహ్నం నిద్రపట్టలేదు. లేచి వాంగ్మూలం ముందేసుకున్నాను. మొదటిసారి రాసింది లాయరు గారు తిప్పి పంపారు. ఎందుకో ఇవాళ చదివితే తెలిసింది. "ఆ సమయంలో కొన్ని ఇబ్బందులు ఎదురయ్యాయి", "దురదృష్టవశాత్తూ అలా జరిగింది". రెండు పేజీల్లో నేను చేసిన పని ఒక్కటీ లేదు, అన్నీ వాటంతటవే జరిగాయి. ఇంగ్లీషు పక్కనపెట్టి తెలుగులో మొదలుపెట్టాను. తెలుగులో అయితే నన్ను నేను తప్పించుకోలేను.

"2012లో ఒకసారి పట్టుబడ్డాను. బుద్ధి రాలేదు. 2014లో ఒక పెళ్లిరోజు పార్టీ నుంచి వస్తూ మళ్లీ తాగి నడిపాను. మా ఆవిడ తాళాలు అడిగింది. ఇవ్వలేదు. పది రోజులు జైల్లో ఉన్నాను. బయటికొచ్చిన రోజు నుంచి తాగలేదు."

ఈ ఏడు వాక్యాలకి గంటన్నర పట్టింది. ఆ తర్వాతవి, ట్రీట్‌మెంటు, చదువు, నా వార్డులో పెద్దవాళ్ల సంగతులు, తేలిగ్గానే వచ్చాయి.

సాయంత్రం మా ఆవిడ ఆఫీసు నుంచి రాగానే చదవమని ఇచ్చాను. బ్యాగు భుజం మీద నుంచి దించకుండా నిలబడే చదివింది. ఆ పేరా దగ్గర ఆగింది.

"నేను రెండుసార్లు అడిగాను" అంది.

కలం తీసుకుని "అడిగింది" ముందు "రెండుసార్లు" అని చేర్చాను. తర్వాత టిఫిన్ బాక్సు సర్దుకుని డ్యూటీకి బయల్దేరాను.